ఎడమ చెవి లేని గొర్రెపిల్ల

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఉమారాణి తలుపు తెరిచేసరికి ఉయ్యాల ఖాళీగా ఉంది, బుజ్జి లేదు.

ఆమె అరవలేదు. చేతిలోని తాళంచెవి వంక చూసింది. తాళం ఇప్పుడే తను తీసింది. కిటికీల గడియలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పైకప్పు రేకుల్లో ఒక్కటీ కదల్లేదు. ఉయ్యాల దగ్గరికి వెళ్ళి లోపలికి వంగింది. బుజ్జికి కప్పే పాత చీరముక్కను ఎవరో నాలుగు మడతలు పెట్టి, అంచులు కలిపి, ఒక పక్కన ఉంచారు.

దొంగ దుప్పటి మడతపెట్టి వెళ్ళాడు.

తాళం పగలగొట్టి ఉంటే ఆమె అంత భయపడేది కాదు.

పోయిన వారం కథను శుక్రవారం సాయంత్రం ఉమారాణి పెట్టిన సంతకం దగ్గర ఆపాం. ఆ సంతకం సంగతి మరచిపోయినవాళ్ళకూ, ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ళకూ నాలుగు మాటలు.

సూర్యాపేట మార్కెట్ యార్డు వెనక పాత ధాన్యం గోదాములో పిల్లల మ్యూజియం ఉంది. ఇరవై ఆరేళ్ళ కింద ప్రేమ్ కుమార్ సార్ దాన్ని తెరిచారు. అప్పటికి ఆయన సర్కారు బడిలో టీచరు. తలుపు మీద నీలం రంగుతో ఆయనే ఒక్క మాట రాశారు: ‘పట్టుకో’. అంతకు మించి బోర్డు లేదు. లోపల అద్దాల పెట్టెలు లేవు, తాళ్ళు కట్టిన అడ్డాలు లేవు, ‘ముట్టరాదు’ అన్న కాగితం ఎక్కడా లేదు. తిరగలి ఉంది, పిల్లలు తిప్పుతారు. బడిగంట ఉంది, కొడతారు. పాత టెలిఫోన్ ఉంది, అందులో చచ్చిపోయిన తాతలతో కూడా మాట్లాడతారు. ప్రతి వస్తువూ ఎవరో ఒక పిల్లో పిల్లాడో ఇంటినుంచి తెచ్చిందే. పక్కన ఒక కార్డు. ఆ వస్తువు ఎక్కడిదో తెచ్చినవాళ్ళే సొంత దస్తూరీతో, మాట్లాడినట్టే రాయాలి. దానికి సార్ పెట్టిన నియమం ఒక్కటే: తప్పులు రాయొచ్చు, అబద్ధం రాయొద్దు.

వాటన్నిటిలో ఒకటో నంబరు వస్తువు బుజ్జి. చంటిబిడ్డ కాదు. జానెడు పొడవున్న నల్ల ఉన్ని గొర్రెపిల్ల. ఎడమ చెవి లేదు. పిల్లల చేతుల్లో నలిగి నలిగి వీపు మీద ఉన్ని అరిగి మెరుస్తుంది.

ఇప్పుడు ఆ మ్యూజియానికి ఒక పరీక్ష వచ్చింది. సోమవారం పదింటికి పరిశీలన కమిటీ వస్తోంది. వస్తువులన్నిటినీ అద్దాల పెట్టెల్లో పెట్టి తాళాలు వేయాలని కమిటీలో సగంమంది పట్టు. వద్దని ఉమారాణి పోరాటం. శుక్రవారం వాళ్ళు పంపిన ఫారంలో ఒక ప్రశ్న ఉంది: ‘ఇప్పటివరకు పోయిన వస్తువులు ఎన్ని?’ ఉమారాణి తల ఎత్తుకుని ‘ఒక్కటీ లేదు’ అని రాసి సంతకం పెట్టింది.

రెండు రోజులు కూడా కాలేదు. ఒకటో నంబరే పోయింది. ఈ మాట బయటికి పొక్కితే రేపు సాయంత్రానికల్లా గోదాము నిండా అద్దాలే.

తాళంచెవులు మూడు. ఒకటి ఆమె దగ్గర. ఒకటి ఉపేందర్ దగ్గర. అద్దాల పెట్టెలకు కొలతలు తీసుకోవడానికి కమిటీవాళ్ళు పంపిన మిర్యాలగూడ వడ్రంగి అతను. మూడోది ప్రేమ్ కుమార్ సార్ దగ్గర.

ఉమారాణి ముందు ఉపేందర్‌కు ఫోన్ చేసింది. అవతల బ్యాండు మేళం.

“ఉపేందర్, నిన్న మ్యూజియంల నుంచి ఏమన్న తీస్కపోయినవా?”

“ఏందక్కా? ఇనవడ్తలేదు. నేను మిర్యాలగూడల మా బామ్మర్ది పెండ్లిల ఉన్న. నువ్వు గూడ రాకపోయినవ్, బగారన్నం బగ్గ జేసిన్రు.”

“బుజ్జి కనబడ్తలేదు.”

బ్యాండు చప్పుడు కొంచెం దూరమైంది. అతను పక్కకు వచ్చాడు.

“గొర్రెపిల్లనా? నాకెందుకక్కా అది? మీరు అద్దాలు వద్దంటరు, వాళ్ళు కావాలంటరు, నడుమ నన్ను దొంగను జేస్తున్రు. నీ టేబుల్ ఎనక మొలకు సూడు. నిన్న నాలుగింటికే నీ ముంగట్నే తాళంచెవి ఆడ తగిలిచ్చిన.”

ఉమారాణి తల తిప్పింది. మొలకు తాళంచెవి వేలాడుతోంది. నిన్న ఐదింటికి తాళం వేసింది తనే. గోడకు వేలాడే తాళంచెవితో ఎవరూ బయటినుంచి తలుపు తీయలేరు.

“సారీ తమ్మీ.”

“సారీ గీరీ వద్దు. దొరికితె ఫోన్ జెయ్యి. మా పిల్ల దాన్ని ఎత్తుకోనిదే ఆడికెల్లి రాదు” అన్నాడు ఉపేందర్.

తర్వాత కోదాడకు, ప్రేమ్ కుమార్ సార్‌కు చేసింది. రిటైర్ అయ్యాక ఆయన అక్కడే కూతురి దగ్గర ఉంటున్నారు.

“సార్, బుజ్జి లేదు.”

చాలాసేపు శ్వాస తప్ప మరేమీ వినిపించలేదు.

“పోలీస్ స్టేషన్‌ల చెప్పమంటరా సార్?”

“వద్దు బిడ్డా. చెప్పకు” అని ఫోన్ పెట్టేశారు.

ఉమారాణి ఫోన్ వైపు చూస్తూ నిలబడిపోయింది. ఎప్పుడు పోయిందని ఆయన అడగలేదు. ఎట్లా పోయిందని అడగలేదు. బల్ల కింద వెతికావా అని కూడా అడగలేదు. బడిలో రబ్బరు పోతేనే పది ప్రశ్నలు వేసే మనిషి.

ఆ ఆలోచన తనకు వచ్చినందుకే ఆమెకు సిగ్గేసింది. ఆరేళ్ళప్పుడు బడి పిల్లలతో మొదటిసారి ఈ గోదాములోకి వచ్చింది. జ్వరం. బుజ్జిని చంకలో పెట్టుకుని ఆ మూలనే నిద్రపోయింది. సాయంత్రం లేచేసరికి లైట్లన్నీ ఆర్పేసి, ఒక్క బల్బు కింద సార్ నేల మీద కూర్చుని నోటుపుస్తకాలు దిద్దుతున్నారు. ‘లేపితే బొమ్మ ఇచ్చెయ్యమంటానని భయపడతది’ అని తీసుకెళ్ళడానికి వచ్చిన ఉమారాణి తల్లితో అన్నారట. ఆ మాట వింటూ పెరిగి, ముప్పై రెండేళ్ళకు అదే గోదాముకు తాళంచెవి పట్టుకుంది ఉమారాణి.

“ఓ బిడ్డా! ఇగ రా బయటికి!”

తాత కాటయ్య గొంతు. అరుగు మీద కూర్చోబెట్టి వచ్చిన సంగతే మరచిపోయింది. డెబ్బై ఆరేళ్ళ కాటయ్య నెల కిందనే తుంగతుర్తి నుంచి మనవరాలి దగ్గరికి వచ్చాడు. మొన్నటిదాకా మనుషుల్ని గొంతును బట్టి గుర్తుపట్టేవాడు. మూడు వారాల కింద దవాఖానలో కండ్ల ఆపరేషన్ అయింది. నల్ల అద్దాలు నిన్ననే తీశారు. పొద్దుటినుంచి కనిపించిన ప్రతిదాన్నీ చూసి ఏదో ఒకటి అంటున్నాడు.

ఇప్పుడు ఆయన గోడకు కట్టిన ఫ్లెక్సీ ముందు నిలబడి ఉన్నాడు. సోమవారం కోసం కొట్టించిన ఫ్లెక్సీ. దాని మీద మనిషెత్తు బుజ్జి.

“ఏం మనుషులే మీరు? దొంగ జీవాన్ని గింత పెద్దగ ఫోటో దీసి కట్టిన్రా?”

ఉమారాణి గడప దాటి ఆయన పక్కకు వచ్చింది. “దొంగ జీవమేంది తాతా?”

“సూడరాదు. ఎడమ చెవేది?”

“ఎలుక కొరికింది. కార్డు మీద రాసి ఉంది.”

“ఎలుక కత్తెర వట్టిందా?” కాటయ్య ఫ్లెక్సీ మీద వేలితో గీత గీశాడు. “గీడ జూడు. తిన్నగ, మొదలుకంట. ఎలుక కొరికితె పీసులు పీసులుంటది. ఇది కోసింది.”

“కోస్తే?”

“అయ్యో, గొర్లోల్ల బిడ్డవే నువ్వు? పట్నంల పుట్టి అన్ని మర్సిన్రు.” ఆయన అరుగు మీద కూర్చుని కర్ర ఒళ్ళో పెట్టుకున్నాడు. “మంద మందకు చెవి గురుతు ఉంటది. మనకు కుడి చెవికి ఒక గాటు. మునగాల దిక్కు మావోల్లకు ఎడమ చెవికి రెండు గాట్లు. నూరు జీవాలు కలిసినా చెవి వట్టి సూస్తె ఎవలదో తెలుస్తది. ఇగ ఎత్తుకపోయినోడు ఏం జేస్తడు? గురుతు కనవడొద్దని చెవే కోస్తడు. పిచ్చోడు! చెవి లేని గొర్రె సంతల నిలవడితె, నన్ను దొంగతనం జేసిన్రని అదే జెప్తది. గురుతున్న గొర్రె నోరు మూసుకుంటది గని, గురుతు పోయిన గొర్రె ఊకుంటదా?”

“ఇది బొమ్మ తాతా. బొమ్మకు గురుతెవరు పెడతారు?”

“బిడ్డకు జేసిచ్చిన బొమ్మ గూడ మందల జీవమే. మీ నాయినకు నేను జేసిచ్చిన దానికి పెట్టలే? గాటు పెట్టకుంటె ఇది మనది కాదని ఏడ్సిండు.” కాటయ్య మళ్ళీ ఫ్లెక్సీ వైపు చూశాడు. గొంతు తగ్గింది. “తెలిసిన దొంగ చెవి కొయ్యడు బిడ్డా. ఇంకో గాటు వెట్టి గురుతు మారుస్తడు. మొదలుకంట కోసినోడు పసోడు. తెల్వక కోసిండు.”

ఉమారాణి లోపలికి పరుగెత్తింది. ఖాళీ ఉయ్యాల పక్కన పసుపెక్కిన కార్డు. వేలసార్లు చదివిందే: ‘ఒకటో నంబరు. మా అమ్మ పెంటమ్మ నాకు చేసిచ్చిన గొర్రెపిల్ల. ఎడమ చెవి ఎలుక కొరికింది. ప్రేమ్ కుమార్.’

“తాతా, సార్ వాళ్ళమ్మ కూలికి పోయేదట. ఉన్ని బొమ్మ కూలికిపోయేవాళ్ళు చేస్తారా?”

“వాళ్ళకు ఉన్నేడిది? ఒకరు ఇయ్యాలె, లేకుంటె…” కాటయ్య మాట మింగేశాడు. “నువ్వెవలకు జెప్పకు. పొయ్యి అడుగు. పెద్దమనిషిని నలుగుర్ల అడగొద్దు.”

ఆమె బల్ల సొరుగు లాగి పెన్ను సంచిలో వేసుకుంది. ఎందుకో తనకే తెలియకుండా ఖాళీ కార్డుల కట్ట కూడా వేసుకుంది.

కోదాడ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. హైవే మీద బస్సు దూసుకుపోతోంది. ఉమారాణికి మాత్రం అది పాకుతున్నట్టే ఉంది. మునగాల దగ్గర ధాబాలు కనిపిస్తుండగా ఫోన్ మోగింది.

“ఉమారాణి బిడ్డేనా? నేను మునగాల బక్కమ్మను.”

రేపు మ్యూజియంలో కొత్త గది తెరుస్తున్నారు. ఉన్ని ఎట్లా వడుకుతారో పిల్లలకు చూపించే గది. దాన్ని తెరవడానికి, పిల్లల చేతికి కదురు ఇవ్వడానికి ఈ బక్కమ్మనే పిలిచారు. కాటయ్య చెప్పగా ఉమారాణి వెతికి పట్టుకుంది. నిన్న మధ్యాహ్నం సార్‌కు ఫోన్ చేసి ఆమె పేరు చెప్పింది కూడా. అప్పుడు కూడా సార్ ఏమీ మాట్లాడలేదు. సిగ్నల్ సరిగ్గా లేదేమో అనుకుంది.

“చెప్పు అవ్వా.”

“రేపు పదింటికే గదా? ఉన్ని తెస్తున్న, కదుర్లు నాలుగు తెస్తున్న. అది కాదు గని ఒక మాట అడగాలె. మీ పెద్దసారు ప్రేమ్ కుమార్ అని కాయితం మీద ఉన్నది. ఆయన మా ఊరి పెంటమ్మ కొడుకేనా?”

ఉమారాణి సీటు కడ్డీ గట్టిగా పట్టుకుంది. “అవునవ్వా.”

అవతల నిట్టూర్పు. “అయితె తప్పకుంట వస్త. ఆయనతోని నాకు పనున్నది” అని బక్కమ్మ ఫోన్ పెట్టేసింది.

కోదాడలో తలుపు తీసింది సార్ కూతురు కళ్యాణి.

“రండక్కా, మంచి టైముకు వచ్చారు. మా నాన్నను కొంచెం అడగండి. నిన్న చీకటి పడ్డాక ఎక్కడినుంచో వచ్చారు. అన్నం సరిగ్గా తినలేదు. పొద్దున్నుంచీ వెనక వరండాలో సూదీ దారం పెట్టుకుని కూర్చున్నారు. ఏంటి నాన్నా అంటే చొక్కా బొత్తాం అంటారు. మూడు గంటల నుంచీ ఏం బొత్తామో నాకైతే అర్థం కావట్లా!”

వెనక వరండాలో ఎండ పడుతోంది. ప్రేమ్ కుమార్ సార్ చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఒళ్ళో తువ్వాలు. తువ్వాలులో బుజ్జి. పక్కన చింతాకంత నల్ల ఉన్నిముక్క, చెవి ఆకారంలో కత్తిరించినది. ఆయన సూదిని కళ్ళ దగ్గరికీ దూరానికీ జరుపుతున్నారు. అడుగుల చప్పుడుకు తలెత్తారు. దాచుకోలేదు.

“దారం ఎక్కిస్తవా ఉమా? నాతోని అయితలేదు.”

ఉమారాణి చెప్పులు విడిచి చాప మీద కూర్చుంది. దారం కొస తడిపి, సూదిలోకి ఎక్కించి, ముడివేసి ఆయన చేతికిచ్చింది.

“ఇప్పుడు చెప్పండి సార్. చెవి కత్తిరించింది ఎవరు?”

సార్ చెయ్యి ఆగింది. “కాటయ్య చూసిండా?”

“ఫ్లెక్సీ మీద.”

“ఆపరేషన్ మంచిగ చేసిన్రన్నట్టు” అని ఆయన నవ్వబోయారు. నవ్వు రాలేదు. “నిన్న ఆరింటికి నువ్వు పోయినంక వచ్చిన. నా తాళంచెవితోనే తీసిన. దుప్పటి చిందరవందరగ ఇడ్సిపెడితె దొంగ అనుకునేటోళ్ళు. చెయ్యి రాలేదు.”

“నిన్నటి సంగతి నాకు తెలుసు. నేనడిగేది అది కాదు.”

“తెలుసు బిడ్డా.”

“ఎంతమంది పిల్లల కార్డులు మీరు వెనక్కి ఇచ్చారు సార్? తూనికరాయి తెచ్చిన పిల్లాడు తాతదని రాస్తే, నిజంగా తాతదేనా అని మూడుసార్లు అడిగారు. వాడు ఏడ్చి, సంతలో దొరికిందని చెప్తే, అదే రాయమన్నారు. సంతలో దొరికినా గొప్పే అన్నారు. అందరికన్నా మొదటి కార్డు మీది.” ఆమె బుజ్జి వైపు చూపించింది. “నేను దాన్ని రోజూ పిల్లలకు చదివి వినిపిస్తున్నా సార్.”

ఆయన బుజ్జి వీపు నిమురుతూ కూర్చున్నారు. పిట్టగోడ అవతల ఎవరో మిక్సీ వేశారు. ఆగింది. సార్ రెండుసార్లు నోరు తెరిచారు. ముప్పై ఐదేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన గొంతు. ఒక్క మాట పైకి రాలేదు.

“నోటితోని చెప్పలేనమ్మా.”

ఉమారాణి సంచిలోంచి ఖాళీ కార్డుల కట్ట తీసి ఆయన ముందు పెట్టింది. పైన పెన్ను పెట్టింది. ఎందుకు తెచ్చిందో ఆమెకు అప్పుడు అర్థమైంది.

సార్ కార్డు వైపు చూశారు. “ఇది గోడకెక్కితే రేపు కమిటీవాళ్ళు చదువుతరు. దొంగసొమ్ముతోని మొదలైన మ్యూజియం అంటరు. అద్దాలు కాదు, తాళమే వేస్తరేమో.”

“వేస్తే వెయ్యనీండి.”

“నువ్వేనా ఈ మాట అనేది? అద్దాలు వద్దని ఆరు నెలల సంది కొట్లాడుతున్నవ్.”

“అద్దం ఒక్కటే అడ్డమా సార్? అబద్ధం కార్డు పెట్టి పిల్లలను పట్టుకోమంటే, వాళ్ళు పట్టుకునేది ఏంటి?” ఆమె కళ్ళు తుడుచుకుంది. “బక్కమ్మ ఫోన్ చేసింది. మీరు పెంటమ్మ కొడుకేనా అని అడిగింది. మీతో పనుందట.”

ఆ పేరు వినగానే ఆయన భుజాలు దిగిపోయాయి. తర్వాత సూదిని జాగ్రత్తగా బుజ్జి మెడలోకి కాకుండా తువ్వాలు అంచుకు గుచ్చి, పెన్ను తీసుకున్నారు.

నాలుగు కార్డులు పట్టాయి. మధ్యలో కళ్యాణి టీ తెచ్చి, తండ్రి మొహం చూసి, మాట్లాడకుండా పెట్టి వెళ్ళింది. టీ చల్లారిపోయింది. రాసిన ప్రతి కార్డునూ ఆయన ఉమారాణి వైపు జరిపారు. ఆమె ఒకదాని పక్కన ఒకటి పేర్చి చదివింది.

‘ఒకటో నంబరు. ఈ గొర్రెపిల్లను మా అమ్మ చెయ్యలే. మునగాల బక్కమ్మకు వాళ్ళ నాయిన చేసిచ్చిండు. యాభై నాలుగేండ్ల కింద నేను దొంగతనం చేసిన. అప్పుడు నాకు ఎనిమిదేండ్లు.

‘మా అమ్మ వాళ్ళ గొర్ల దొడ్డి ఊడ్వపోయేది. నన్ను దడి అవతల కూసోబెట్టేది. దడి దాటి రావొద్దు, ఏం ముట్టొద్దు అని చెప్పేది. ఒకనాడు బక్కమ్మ ఈ గొర్రెపిల్లను ఎత్తుకోని దడి కాడికి వచ్చింది. నాకంటె చిన్నది. నేను చూస్తున్నది చూసి, దడి సందులకెల్లి చెయ్యి చాపి, పట్టుకో అన్నది. నేను పట్టుకున్న. ఎచ్చగ ఉండె. ఒక్క గడియ. వాళ్ళ నాయినమ్మ చూసి ముట్టకురా అని ఒర్లింది. దాన్ని గుంజుకోని, నా ముందటనే బకిట్ల ముంచి మూడుసార్లు కడిగింది. ఆరెటందుకు దడికి తగిలిచ్చింది. నేను పట్టుకున్నందుకు కడిగిన్రు. ఆ నీళ్ళు కారుకుంట నా కాళ్ళ కాడికి వచ్చినయి. మా అమ్మ దొడ్డి ఊడ్సుడు ఆపలే.

‘పొద్దుమూకంగ దడి మీదికెల్లి గుంజుకోని అంగిల పెట్టుకున్న. చెవికి రెండు గాట్లు ఉండె. చెవి గురుతు చూసి జీవాలను పట్టుకుంటరని విన్న. చెవి లేకుంటె ఎవలది కాదు అనుకున్న. కత్తెరతోని కోసిన. తెల్లారి బక్కమ్మ ఏడుస్తుంటె మా వాడ దాకా ఇనవడ్డది. మూడు దినాలు ఏడ్చింది. నింద మా అమ్మ మీద పడ్డది. పని తీసేసిన్రు. ఊరు ఇడ్సిపెట్టి కోదాడకు వచ్చినం. నెల దినాలకు అమ్మకు వడ్ల కుండల ఇది దొరికింది. కొడతదనుకున్న. కొట్టలే. తిరిగిద్దామా అమ్మా అంటె, ఇస్తె మల్ల కడుగుతరు బిడ్డా అన్నది. ఇంకెప్పుడు దీని ముచ్చట తియ్యలే. దొంగ అన్న పేరుతోనే సచ్చిపోయింది. ముట్టకు అన్న మాట ఇనవడని ఇల్లు ఒకటి కట్టాలె అనుకున్న. కట్టిన. తలుపు మీద బక్కమ్మ అన్న మాటనే రాసిన. అది నా మాట అని ఇరవై ఆరేండ్లు అందరు మెచ్చుకుంటుంటె ఊకున్న.

‘కడిగింది వాళ్ళ నాయినమ్మ. ఏడ్చింది బక్కమ్మ. తిట్లు పడ్డది మా అమ్మ. అందరి పేర్లు చెప్పిన, ఇగ నాది చెప్తున్న. ఆమె వస్తుందని తెలిసి నిన్న మల్ల ఎత్తుకచ్చిన. చెవి కుట్టి పెడదామనుకున్న. కుట్టరాలే. రేపు పదింటికి చెవి లేకుండనే ఆమె చేతిల పెడత. ఇది ఆమెది. ఉండనిస్తె ఈడ ఉంటది, కొంచపోతె కొంచపోతది. ఊరంత నన్ను ముట్టకు అన్ననాడు పట్టుకో అన్నది ఆమె ఒక్కతే. నేను ఆమె బొమ్మనే ఎత్తుకపోయిన. పెంటమ్మ కొడుకు, ప్రేమ్ కుమార్.’